యార్కులో మారువేషపు భోజనం

ఇంగ్లండు ఉత్తరభాగంలో యార్కు అనే పాత పట్టణం వున్నది. ఆ వూళ్ళో వీధిని 'గేటు' అంటారు. గేటును 'బారు' అంటారు. బారును మాత్రం 'పబ్బు' అంటారు. కొత్తగా వచ్చిన యాత్రికుడికి అక్కడివాళ్ళు మొట్టమొదట చెప్పే చమత్కారం ఇదే. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని గనుక నాకు నవ్వుతోపాటు ఆ మాట పుట్టుక మీద ఆసక్తి కూడా కలిగింది. క్రీ. శ. 866లో సముద్రం మీదుగా వచ్చి ఈ వూరిని పట్టుకున్న వైకింగుల భాషలో 'గాటా' అంటే వీధి. వాళ్ళ రాజ్యం పోయి వెయ్యేళ్ళు దాటింది గాని, వాళ్ళ మాట మాత్రం వీధి వీధినా పలకల మీద వున్నది. రాజ్యాలకంటె మాటలకే ఆయుర్దాయం హెచ్చు.

వైకింగులకు ముందు రోమనులు. క్రీ. శ. 71లో వాళ్ళు ఇక్కడ కోట కట్టారు. కాన్‌స్టంటైనును 306లో చక్రవర్తిగా ప్రకటించింది ఈ వూళ్ళోనే. మన చరిత్ర పుస్తకాలలో ఎక్కడో రోములోనో, ఇస్తాంబులులోనో కనిపించే ఆ పెద్దమనిషి ఈ వానల దేశంలో కిరీటం పెట్టుకున్నాడంటే నాకు వింతగానే తోచింది. వూరి చుట్టూ వున్న రాతిగోడ మీద ఇప్పటికీ నడవవచ్చు. సుమారు రెండు మైళ్ళు. ఒక పక్కన రైల్వే స్టేషను, మరొక పక్కన మహా దేవాలయమనదగిన మిన్‌స్టరు చర్చి, మధ్యలో ఇళ్ళవాళ్ళ పెరటి తోటలు, ఆరవేసిన బట్టలు. రెండున్నర శతాబ్దాలు పట్టింది ఆ చర్చి కట్టడానికి. 'షాంబుల్సు' అనే సందు ఒకప్పుడు కసాయి దుకాణాల వీధి. మాంసం వేలాడదీసిన కొక్కేలు కొన్ని దుకాణాల ముందు ఇప్పటికీ వున్నాయి. మేడలు రెండువైపుల నుంచీ ముందుకు వాలి, ఎదురింటి వాళ్ళతో గుసగుసలాడుతున్నట్లుంటాయి.

ఇవన్నీ చూశాను. కాని నిజానికి మేము ఆ ఆదివారం యార్కు వెళ్ళింది భోజనానికి. ఆ భోజనం ఊరికే దొరికే భోజనం. అంతకంటె విశేషం, అది ఊరికే తింటున్నామని ఆ హోటలువాళ్ళకు తెలియకూడదు.

మా తమ్ముడు లీడ్సులో కంప్యూటరు వుద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులలో వాళ్ళ యింట్లో నెలరోజులు వున్నాను. లీడ్సు నుంచి యార్కుకు రైలులో అరగంట కూడా పట్టదు. శనివారం రాత్రి మా మరదలు సెల్‌ఫోను పట్టుకుని, "వదినా, రేపు యార్కులో పని వచ్చింది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కావాలట. మనకు సరిగ్గా సరిపోతుంది" అన్నది.

"ఏం పని?" అన్నాను.

"తినడమే" అన్నాడు మా తమ్ముడు.

ఆ దేశంలో దీనిని 'మిస్టరీ డైనింగు' అంటారు. నేను 'గుప్తభోక్త' అని ఒక తెలుగుమాట కల్పించి ఇచ్చాను గాని మా వాళ్ళు స్వీకరించలేదు. పద్ధతి ఇది. వందల శాఖలున్న హోటలు కంపెనీ, తన శాఖలలో వడ్డన ఎలా సాగుతున్నదో తెలుసుకోవడానికి మధ్యవర్తి సంస్థ నొకదానిని కుదుర్చుకుంటుంది. ఆ సంస్థ తన దగ్గర పేర్లు రాయించుకున్న సంసారులకు కబురు పంపుతుంది. ఫలానా రోజున, ఫలానా వేళకు, ఫలానా శాఖలో భోంచెయ్యండి, మామూలుగా బిల్లు కట్టండి, రసీదు దాచండి, ఇరవైనాలుగు గంటలలో ఫారము నింపి పంపండి, కొన్ని వారాలకు మీ డబ్బు మీ బ్యాంకులో పడుతుంది. మా వాళ్ళకు వచ్చిన పనికి హద్దు 60 పౌన్లు. అది దాటితే చేతి చమురే. ఐదో మనిషినైన నా భోజనం కూడా మా తమ్ముడి జేబులోనుంచే. కాబట్టి ఆ బల్ల దగ్గర ఎవరికీ జవాబుదారీ లేకుండా తిన్నదాన్ని నేనొక్కర్తినే.

ఫారము చూశాను. మా యూనివర్సిటీ ప్రశ్నపత్రాలు దాని ముందు ఎందుకూ పనికిరావు. ప్రశ్నలు వందకు దగ్గర. లోపల అడుగుపెట్టిన ఎన్ని సెకన్లకు పలకరించారు? పిల్లలకు బొమ్మల కాగితము, రంగు పెన్సిళ్ళు అడగకుండా ఇచ్చారా? పానీయాలు ఎన్ని నిమిషాలకు వచ్చాయి? ఆర్డరు తీసుకున్న ఎంతసేపటికి భోజనం వచ్చింది? వడ్డించిన రెండు నిమిషాలలోపల తిరిగివచ్చి 'అంతా బాగున్నదా' అని అడిగారా? మీరు అడగని వస్తువేదైనా కొనమని సూచించారా? మరుగుదొడ్డిలో సబ్బు వున్నదా? చివరికి, మీకు వడ్డించిన మనిషి ఛాతీమీది బిళ్ళపై వున్న పేరేమిటి?

ఈ ఆఖరి ప్రశ్న దగ్గర నా కన్ను ఆగింది.

రాజులు మారువేషంలో తిరిగి ప్రజల బాగోగులు కనుక్కునేవారని మనం కథలుగా చెప్పుకుంటాం. భోజనాన్ని తూచి చెప్పడం కూడా మనకు కొత్త కాదు. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధులలో తిరిగే మిత్రులకు పూటకూటింట ఒక రూకకు ఏమేమి దొరుకుతాయో చవులూరేటట్లు వర్ణన వున్నది. పలనాటి జొన్నకూటి మీద శ్రీనాథుడి పేరిట వున్న చాటువులు తెలియని తెలుగువారుండరు. ఇక ఊరికే తినడం మాటకు వస్తే, గిరీశం పూటకూళ్ళమ్మ దగ్గర ఎలా గడుపుకున్నాడో, దానికి ఫలితంగా ఏ వస్తువుతో సన్మానం పొందాడో వేరే చెప్పనక్కరలేదు.

పాశ్చాత్య దేశాలలో ఇది పుస్తకాల రూపంలో సాగింది. ఫ్రాన్సులో రబ్బరు టైర్లు అమ్మే మిషెలిన్ సోదరులు, కార్లవాళ్ళు ఎక్కువ దూరాలు తిరిగితే టైర్లు అరుగుతాయి గదా అని 1900లో ఒక దారిపుస్తకం వేశారు. 1926 నుంచి మంచి హోటళ్ళకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళ పరీక్షకులు పేరు చెప్పరు, బిల్లు కట్టి తింటారు. అమెరికాలో డంకన్ హైన్సు అనే ఆయన అచ్చు సరుకుల కంపెనీ తరపున వూళ్ళు తిరుగుతూ, తనకు నచ్చిన 167 హోటళ్ళ జాబితా 1935 క్రిస్మసుకు స్నేహితులకు పంపాడు. మరుసటి యేడు అది పుస్తకమయింది. ఇంగ్లండులో 1951లో 'గుడ్ ఫుడ్ గైడు' మొదలుపెట్టిన రేమండ్ పోస్ట్‌గేటు మరీ విచిత్రమైన మనిషి. సోషలిస్టు. గ్రీకు లాటిన్ చదివినవాడు. అపరాధ పరిశోధన నవలలు రాశాడు. వాటిలో పేరుపడ్డది పన్నెండుమంది జూరీ సభ్యుల మీద. అటువంటివాడు దేశంలో మాంసానికి ఇంకా రేషను వున్న రోజుల్లోనే, హోటలు తిండి ఎందుకింత అధ్వాన్నంగా వుండాలని లేచి, మామూలు పాఠకులచేత ఉత్తరాలు రాయించి, ఆ పుస్తకం కూర్చాడు. ప్రకటనలు తీసుకోలేదు.

వీళ్ళందరూ తమ డబ్బుతో తిన్నారు. తిన్నది తినబోయేవాళ్ళకు చెప్పారు. మా తమ్ముడి కుటుంబం చేసే పని పైకి అలాగే వుంటుంది గాని అది వేరు. వీళ్ళు తినేది యజమాని డబ్బు. రాసింది చదివేది యజమాని ఒక్కడే. ఆ పూట ఆ హోటలులో పులుసు చల్లారిపోయి వుంటే, రేపు అక్కడికి పోయేవాడికి ఆ సంగతి తెలియనే తెలియదు.

మన వూళ్ళలో ఈ యేర్పాటు అక్కర లేకపోవడానికి కారణం మన నిజాయితీ కాదు, గల్లాపెట్టె. మా తెనాలిలో చిన్నప్పుడు చూసిన భోజన హోటలులో యజమాని గల్లా దగ్గర కూర్చుని, చిల్లర ఇస్తూనే లేచిపోయిన విస్తళ్ళకేసి చూసేవాడు. ఏ కూర విస్తట్లో మిగిలిపోయిందో ఆయనకు తెలుసు. పప్పు పలచనయిందంటే ఎదురుగానే చెప్పేవాళ్ళు. వందల శాఖల యజమానికి ఏ గల్లా దగ్గరా కూర్చునే వీలు లేదు. అసలు అక్కడ యజమాని అనే మనిషే లేడు, వాటాదారులున్నారు. అందుకని కళ్ళు అద్దెకు తెచ్చుకుంటారు. అమెరికాలో 1940ల నాటికే ఈ అద్దె కళ్ళు దుకాణాలలో వున్నాయట. మొదట వాటి పని గుమాస్తాలు డబ్బు కాజేస్తున్నారా అని చూడడం. చిరునవ్వును కొలవడం తరువాత వచ్చింది.

ఆదివారం పన్నెండున్నరకు హోటలు చేరాము. నదికి దగ్గరలో పాత యిటుకల మేడ. తలుపు మీద ఆకుపచ్చ కాగితంపై '5' అంకె. అది స్థానిక ప్రభుత్వ పరీక్షకులు వంటగది శుభ్రతకు ఇచ్చే మార్కు. సున్న నుంచి అయిదు దాకా వుంటుంది. వేల్సులో 2013 నుంచి దానిని తలుపు మీద అంటించడం తప్పనిసరి. ఇంగ్లండులో అంటించేదీ లేనిదీ హోటలువాళ్ళ యిష్టం. అందుచేత తక్కువ మార్కువాళ్ళు సహజంగానే సిగ్గరులు.

పిల్లలకు ముందే పాఠం చెప్పారు, లోపల 'ఆ సంగతి' ఎత్తవద్దని. తొమ్మిదేళ్ళ మేనకోడలికి గడియారం చూసే బాధ్యత. అయిదేళ్ళ మేనల్లుడికి నోరు మూసుకునే బాధ్యత. ఇంటి దగ్గర తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పే ఈ పిల్లలు, బల్ల దగ్గర కూర్చోగానే చక్కని తెలుగు మొదలుపెట్టారు. "అత్తయ్యా, నాలుగు నిమిషాలు అయింది. నీళ్ళు రాలేదు" అని మేనకోడలు నా చెవిలో. రహస్యం మాట్లాడుకోవడానికి ఇంతకంటె భద్రమైన భాష ఆ హోటలులో లేదు. ఆంగ్ల దేశంలో తెలుగు నిలబెట్టడానికి నేను చేసిన వుపన్యాసాలకంటె ఆ ఫారమే ఎక్కువ సాధించింది.

మాకు వడ్డించడానికి వచ్చిన అమ్మాయికి పంతొమ్మిది, ఇరవై యేళ్ళుంటాయి. పేరు బిళ్ళ మీద వున్నది; ఇక్కడ రాయను. అక్కడ కాలేజీలో చదువుకుంటూ శని, ఆదివారాలు పనిచేస్తున్నదట. పలకరింపు వేళకే అయింది. బొమ్మల కాగితాలు అడగకుండానే వచ్చాయి. మా మరదలు బల్ల కింద సెల్‌ఫోనులో గుర్తులు వేసుకుంటున్నది.

ఆదివారం అక్కడ వేపుడు మాంసం, ఉడికించిన కూరలు, వాటితో యార్కుషైర్ పుడ్డింగు తినడం ఆచారం. పుడ్డింగు అన్నారని తియ్యగా వుంటుందనుకోకండి. పిండి, పాలు, గుడ్లు కలిపిన జావను, మాంసం కాలుతుండగా కారే కొవ్వులో పొంగించిన గిన్నెలాంటి రొట్టె. 1747లోనే హన్నా గ్లాసు అనే ఆవిడ వంటల పుస్తకంలో ఆ పేరుతో రాసింది. నాకు మాంసమూ లేదు, గుడ్డూ లేదు. శాకాహారులకు 'నట్ రోస్టు' వున్నది. జీడిపప్పు వంటి గింజలు దంచి ముద్దగా కాల్చినది. అందులో గుడ్డు కలుపుతారా అని అడిగాను.

ఆ అమ్మాయి తెలియదన్నది. తెలుసునని నటించలేదు. లావుపాటి దస్త్రం తెచ్చింది. పడనివాళ్ళకు హాని చేసే 14 పదార్థాలు ఏ వంటకంలో వున్నాయో చెప్పాలని అక్కడ 2014 నుంచి చట్టం. గుడ్డు అందులో ఒకటి. పేజీ తిప్పి, వేలు పెట్టి చూసి, అనుమానం తీరక వంటగదిలోకి వెళ్ళి వచ్చింది. గుడ్డు వున్నది. మరి పుట్టగొడుగుల పై వున్నదే, దాని పైపూత మాటేమిటి అన్నాను. మళ్ళీ వెళ్ళింది. వచ్చి, "మీకు విడిగా పూత లేకుండా కాలుస్తానన్నారు. కాని కొంచెం ఆలస్యమవుతుంది, ఫరవాలేదా?" అన్నది. ఫరవాలేదన్నాను. మా మరదలు నాకేసి ఒకసారి చూసి, తల వంచుకుని ఫోనులో ఏదో నొక్కింది.

భోజనం వచ్చేసరికి ఇరవైయేడు నిమిషాలు. హద్దు ఇరవై. పళ్ళాలు పెట్టిన మరుక్షణం మా మేనల్లుడు నారింజరసం గ్లాసు తన్నేశాడు. ఆ అమ్మాయి గుడ్డలు తెచ్చి బల్ల తుడిచి, వాడి చొక్కా తుడిచి, ఏడుపు మొహం పెట్టిన వాడికి మరొక బొమ్మ కాగితమిచ్చి, గ్లాసు మళ్ళీ నింపి తెచ్చింది. అదంతా అయ్యాక అటు పక్క బల్లవాళ్ళు పిలిస్తే వెళ్ళింది. "రెండు నిమిషాలు దాటింది. బాగున్నదా అని అడగలేదు" అన్నది మేనకోడలు, పరీక్ష హాలులో ఇన్విజిలేటరు గొంతుతో. చివర మా తమ్ముడు పిల్లలకు ఐస్‌క్రీము అడిగితే, "పిల్లల భోజనంలో అది కలిసే వున్నదండీ, విడిగా కొనవద్దు" అన్నది. ఫారములో ప్రశ్న గుర్తున్నది గదా: మీరు అడగని వస్తువు కొనమన్నారా? ఈ పిల్ల అడిగిన వస్తువే వద్దన్నది.

నా పై బాగుంది. ఉప్పు తక్కువ, అది దేశాచారం. మా తమ్ముడు బల్ల మీద ఆరు పౌన్లు విడిగా పెట్టాడు. అవి ఆమెకే చేరుతాయా అన్నాను. 2024 అక్టోబరు 1 నుంచి టిప్పు డబ్బులో యజమాని వాటా తీసుకోకూడదని చట్టం వచ్చిందట.

మిగిలిన మధ్యాహ్నం గోడ మీద నడిచాము. అక్కడ నడుస్తుంటే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. ఇది చాక్లెట్ల వూరు. కిట్‌క్యాటు పుట్టింది ఇక్కడి రౌన్‌ట్రీ కర్మాగారంలో, 1935లో. ఆ యింటి కొడుకు సీబోం రౌన్‌ట్రీ 1899లో తన వూళ్ళో పేదరికం ఎంత వున్నదో లెక్కతీయించాడు. పరిశోధకులు గుమ్మం గుమ్మానికీ తిరిగారు. 11,560 కుటుంబాలు, 46,754 మంది. కొన్ని కుటుంబాలచేత వారం వారం ఏమి కొన్నదీ, ఏమి తిన్నదీ రాయించారు. రొట్టె ఎంత, వెన్న ఎంత, తేనీరు ఎంత. 1901లో పుస్తకం వచ్చింది. వూరి జనంలో నూటికి ఇరవైయెనిమిది మంది పేదరికంలో వున్నారని తేలితే దేశమంతా ఉలిక్కిపడింది. ఆనాడు ఈ వూళ్ళో ఫారము పట్టుకున్నవాడు కూలివాడి పళ్ళెంలోకి తొంగిచూశాడు. పళ్ళెం చిన్నదని తేలితే తప్పు కూలివాడిది కాదని రాశాడు. నూరేళ్ళు దాటిన తరువాత అదే వూళ్ళో మేము ఫారము పట్టుకుని పళ్ళెం మోసే పిల్లకేసి చూస్తున్నాము. పళ్ళెం మాత్రం మాది.

రాత్రి పిల్లలు పడుకున్నాక ఫారము తెరిచారు. మా తమ్ముడిది లెక్కల బుర్ర. "అవునుకు అవును, కాదుకు కాదు. ఇరవైయేడు నిమిషాలు పట్టింది, రసీదు మీద గంట వున్నది, అబద్ధం రాస్తే మనల్ని తీసేస్తారు" అన్నాడు. మా మరదలు ఏమీ అనలేదు. కాసేపటికి నావైపు తిరిగి చెప్పింది.

ఆమె ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో బిల్లులు కొట్టేది. ఒకరోజు మేనేజరు పిలిచి కాగితం చదివాడట. ఫలానా తేదీన వచ్చిన గుప్తగ్రాహకుడు రాసినది. సరుకు సరిగా ఇచ్చింది, చిల్లర సరిగా ఇచ్చింది, చిరునవ్వు లేదు, కళ్ళలోకి చూడలేదు. ఆ తేదీన గుంటూరులో వాళ్ళ నాన్నగారికి గుండె ఆపరేషను జరుగుతున్నది. "ఎవరు రాశారో తెలియదు వదినా. ఆ తరువాత నెలరోజులు, వచ్చిన ప్రతి ముసలమ్మనూ అనుమానంగానే చూశాను."

"మరి నువ్వు ఈ పని ఎందుకు చేస్తున్నావు?" అన్నాను.

"నలుగురం బయట తినాలంటే ఇక్కడ ఎంతవుతుందో తెలుసా?" అన్నది. అందులో దాపరికం లేదు. పిల్లలు నెలకొకసారైనా హోటలుకు వెళ్ళాలంటారు. జీతాలు రెండూ ఇంటి అప్పుకు, పిల్లల్ని చూసేవాళ్ళకు సరిపోతాయి. మన వూళ్ళో వుండేవాళ్ళం పౌన్లను రూపాయలలోకి మార్చి వాళ్ళను కుబేరులనుకుంటాం గాని, వాళ్ళు ఖర్చు పెట్టేది రూపాయలలో కాదు.

మరదలు మార్కులు మార్చలేదు. ఇరవైయేడు నిమిషాలు అని రాసింది. రెండు నిమిషాలలో అడగలేదు అని రాసింది. కొనమని సూచించలేదు అని రాసింది. కాని ప్రతి ప్రశ్న కిందా 'వివరాలు' అని చిన్న గడి వుంటుంది. మా తమ్ముడు దానిలో సాధారణంగా 'సరి' అని రాస్తాడు. ఆమె దానిని నింపడం మొదలుపెట్టింది. ఆలస్యానికి కారణం అతిథి అడిగిన ప్రశ్న. సర్వరు వూహించి చెప్పక రెండుసార్లు వంటగదికి వెళ్ళి కనుక్కున్నది. అడగకపోవడానికి కారణం మా పిల్లవాడు ఒలికించిన రసం. ఆమె అప్పుడు మా బల్ల దగ్గరే వున్నది. ఐస్‌క్రీము సంగతి పూర్తిగా రాసి, 'అందువల్ల ఈ శాఖకు మళ్ళీ వస్తాము' అని చేర్చింది. పన్నెండు దాటింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు సర్దమని నన్ను అడిగింది. తెలుగు లెక్చరరుకు అంతకంటె గౌరవం ఆ దేశంలో దొరకలేదు. చివరకు కంప్యూటరు తనంతట తాను లెక్కకట్టి 79 అని చూపించింది. ఆ గడులలో రాసిన దానికి మార్కులు లేవు.

ఆ 79 ఆ అమ్మాయికి ఎలా పరిణమిస్తుందో ఫారములో వుండదు. ఎనభై దాటితే ఆ శాఖవాళ్ళకు కొంత బహుమానముంటుందని మా తమ్ముడు ఎక్కడో విన్నాడట. అది నిజమో కాదో చెప్పేవాళ్ళు లేరు.

మంగళవారం మధ్యవర్తి సంస్థ నుంచి మరదలికి ఉత్తరం వచ్చింది. నివేదిక అందింది, వివరంగా వున్నది, వందనాలు. డబ్బు ఆరు వారాలలో చేరుతుంది. ఒక్క సందేహం మాత్రం తీర్చవలెను: ఐదవ అతిథి గుడ్డు విషయం అడిగినది నిజంగా గుడ్డు తినరు గనుకనా, లేక సర్వరును పరీక్షించుటకా?

మరదలు ఫోను నా ముందు పెట్టి, "మీరే చెప్పండి" అన్నది.

'నిజంగా తినదు' అని కొట్టాను. దాని కింద ఆ అమ్మాయి పేరు మరొకసారి రాసి, రెండుసార్లు వంటగదికి వెళ్ళిందన్న మాట మళ్ళీ చేర్చి, పంపించాను.